వృద్ధాప్యానికి పూచీ ఎవరు?

టోలిచౌకి నుంచి షేక్‌పేట మీదుగా ఫిలింనగర్ వైపు పోయే దారిలో పొద్దున్నే నిలబడి చూస్తే మూడు రకాల మనుషులు కనబడతారు.

మొదటివాడు సర్కారు బడిలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుడు. 1985లో ఉద్యోగంలో చేరాడు. నెల మొదట్లో ఆయన పెన్షను బ్యాంకులో పడుతుంది. ధరలు పెరిగితే దాని మీద కరువు భత్యమూ పెరుగుతుంది. ఆయన పోతే భార్యకు కుటుంబ పెన్షను వస్తుంది. రెండోవాడు ఆయన కొడుకే అనుకుందాం. అతనూ సర్కారు బడిపంతులే. అదే పాఠాలు, అదే నల్లబల్ల. కాని అతను 2008లో చేరాడు. ప్రతి నెలా అతని జీతంలోంచి కొంత కోస్తారు, దానికి ప్రభుత్వమూ కొంత కలుపుతుంది, ఆ డబ్బు మార్కెట్టుకు పోతుంది. తాను రిటైరయ్యేనాటికి చేతికి ఎంత వస్తుందో అతనికి తెలియదు, చెప్పగలిగినవాడూ లేడు. మూడోవాడు షూటింగుల్లో లైట్లు మోసేవాడు. ఇవాళ ఒక నిర్మాత దగ్గర, వచ్చే వారం మరొకరి దగ్గర పని. ముప్ఫయి యేళ్లు లైటు మోశాడు. అతనికి పెన్షను అనే మాట తన పనికి సంబంధించినదిగా ఎన్నడూ తోచలేదు.

ఈ ముగ్గురూ నేను ఊహించిన మనుషులే. కాని వీళ్లను పోలినవాళ్లు ఆ దారిలో వందలమంది నడుస్తారు. ముగ్గురూ ముసలివాళ్లవుతారు. ముగ్గురి మోకాళ్లూ ఒక్కలాగే నొస్తాయి. మరి ఒకరి వృద్ధాప్యానికి సంఘం పూచీ పడి, రెండోవాడి వృద్ధాప్యాన్ని మార్కెట్టుకు అప్పగించి, మూడోవాడి వృద్ధాప్యం సంగతే ఎత్తకపోవడానికి నీతిశాస్త్రంలో ఏమైనా ఆధారం ఉన్నదా? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్న ప్రశ్న ఇదే.

పెన్షనుల ఖర్చు, నష్టభయం అనేవి లెక్కల గుమాస్తాలకు సంబంధించిన విషయాలనీ, వాటిలో నీతి ప్రశ్నకు చోటు లేదనీ అనుకునేవాళ్లున్నారు. ఇది పొరపాటు. లెక్క ఎప్పుడూ ఎవరో ఒకరి పక్షాన వేసిన లెక్కే. నష్టం వస్తే ఎవరు భరించాలి అన్నది ముందే తేల్చుకుని, తర్వాతే కాగితం మీద అంకెలు వేస్తారు.

ముందు, పెన్షను అంటే ఏమిటి?

ఒకప్పుడు అది ప్రభువు దయ. నమ్మకంగా కొలిచిన నౌకరుకు ప్రభువు ఇచ్చే ఇనాము. ఇష్టమైతే ఇస్తాడు, కోపం వస్తే ఆపుతాడు. ఈ భావం మన చట్టంలోకి కూడా ఎక్కింది. సర్కారు ఇచ్చే పెన్షను గురించి సివిలు కోర్టులో దావా వేయడానికి వీల్లేదని 1871 నాటి పెన్షనుల చట్టం శాసించింది. సరిగ్గా నూరేళ్లకు, 1971లో, దేవకీనందన్ ప్రసాద్ కేసులో పెన్షను ఉద్యోగికి హక్కు అనీ, అది అతని ఆస్తి అనీ సుప్రీంకోర్టు తేల్చింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మరింత ముందుకు వెళ్లింది. పెన్షను ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, గడచిన సేవకు ప్రతిఫలం, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ పాటుపడినవాణ్ణి ముసలితనంలో గాలికి వదిలెయ్యకుండా చూసే సాంఘిక న్యాయం అని ఆ తీర్పు సారాంశం. ఆ కేసులో తగాదా కూడా ఒక తేదీ గురించే. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లకు ఒక లెక్క, తర్వాతవాళ్లకు మెరుగైన మరో లెక్క అని ప్రభుత్వం గీసిన గీతను కోర్టు చెరిపివేసింది.

అంటే పెన్షను వాయిదా పడిన జీతం. ఇవాళ ఇవ్వవలసిన కూలిలో కొంత అట్టిపెట్టుకుని, నీవు ముసలివాడివైనాక ఇస్తానని యజమాని చేసిన బాస. ఈ మాట ఒప్పుకుంటే తక్కిన వాదమంతా దీని మీదనే నడవాలి. ఎందుకంటే వాయిదా పడిన జీతం విషయంలో కొత్త చిక్కొకటి వస్తుంది. పని ఇవాళ జరిగిపోయింది, డబ్బు ముప్ఫయి నలభై యేళ్ల తర్వాత ముట్టాలి. ఈ మధ్యకాలంలో ఏమైనా జరగవచ్చు.

ఏమేమి జరగవచ్చు? ముఖ్యంగా నాలుగు. ఒకటి, మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో తెలియదు. రెండు, ధరలు ఎంత పెరుగుతాయో తెలియదు. మూడు, దాచిన డబ్బు ఎంత సంపాదిస్తుందో తెలియదు. నాలుగు, బాస చేసిన యజమాని అప్పటిదాకా నిలుస్తాడో లేదో తెలియదు. ఈ నాలుగు అనిశ్చితాలనే నష్టభయం అంటున్నాను. ఇవి ఎవరో కల్పించినవి కావు, బతుకులోనే ఉన్నవి. అయితే వీటిని ఎవరి నెత్తిన పెట్టాలన్నది మాత్రం మనుషులు చేసే నిర్ణయం.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఇచ్చేది నిర్ణయించడం. చివరి జీతంలో సగందాకా ఇస్తామని యజమాని ముందే చెబుతాడు. దానికి ఎంత ఖర్చైనా అతనిదే బాధ్యత. రెండోది, కట్టేది నిర్ణయించడం. నెలకు జీతంలో ఇంత శాతం కడతామని మాత్రమే చెబుతాడు. దాని ఫలితం ఎంతైనా ఉద్యోగి అదృష్టం. మొదటి పద్ధతిలో నష్టభయం యజమానిది, రెండోదానిలో ఉద్యోగిది.

కేంద్రప్రభుత్వం 2004 జనవరి 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు రెండో పద్ధతి పెట్టింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 సెప్టెంబరు 1 నుంచి దాన్నే అనుసరించింది. మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో ఉద్యోగి 10 శాతం కడితే ప్రభుత్వం అంతే కలిపింది. రిటైరయ్యేనాడు పోగైన సొమ్ములో కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర నెలసరి భృతి కొనుక్కోవాలి. మన రెండో పంతులుకు 50 లక్షలు పోగైందనుకుందాం. అందులో 20 లక్షలతో భృతి కొంటే, ఏటా ఆరు శాతం లెక్కన నెలకు 10 వేలు వస్తుంది. అది సాధారణంగా ధరలతోపాటు పెరగదు. ఇరవై యేళ్ల తర్వాత కూడా ఆ 10 వేలే. అప్పటికి బియ్యం ధర ఎంత ఉంటుందో ఆలోచించుకోవచ్చు.

నకారా తీర్పు ఈ 2004 గీతకు వర్తించదని న్యాయవాదులు చెప్పవచ్చు. ఆ తీర్పు అప్పటికే పెన్షను పొందుతున్నవాళ్ల మధ్య తేడా గురించి, ఇది కొత్తగా చేరేవాళ్ల షరతుల గురించి. చట్టం మాట అట్లా ఉండనిద్దాం. కాని ఆగస్టులో చేరిన పంతులు ముసలితనానికీ, సెప్టెంబరులో చేరిన పంతులు ముసలితనానికీ నీతిలో తేడా ఏమిటో చెప్పవలసిన బాధ్యత ఆ గీత గీసినవాళ్ల మీద ఉన్నది.

వాళ్లు చెప్పే సమాధానం తేలికగా తోసివేయదగింది కాదు. దాన్ని నిజాయితీగా వినాలి. ఎదుటివాడి వాదంలో బలమైన భాగాన్ని వదిలి బలహీనమైన భాగాన్ని కొట్టడం విమర్శ అనిపించుకోదు.

వాళ్లంటారు: ఇచ్చేది నిర్ణయించిన పెన్షను ఖరీదు ఎంతో యజమానికే తెలియదు. ఇది నిజం. చిన్న లెక్క చూడండి. ఇరవై యేళ్ల తర్వాత 100 రూపాయలు ఇస్తానని మాట ఇచ్చాను. ఇవాళ ఎంత పక్కన పెట్టాలి? డబ్బు ఏటా 8 శాతం సంపాదిస్తుందనుకుంటే సుమారు 21 రూపాయలు చాలు. 6 శాతమే సంపాదిస్తుందనుకుంటే సుమారు 31 రూపాయలు కావాలి. ఇచ్చిన మాట మారలేదు, ఇవ్వవలసిన వంద మారలేదు. వడ్డీ అంచనా రెండు శాతం మారినందుకే ఖర్చు దాదాపు సగం పెరిగింది. దీనికి తోడు మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు. ఇది సంతోషించవలసిన సంగతే కాని, పెన్షను ఇచ్చేవాడి పద్దులో అదీ ఖర్చే.

ఇంకా ఉన్నది. సింగరేణినే తీసుకుందాం. 1990ల మొదట్లో ఆ గనుల్లో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. పని తగ్గలేదు, యంత్రాలు వచ్చాయి, తవ్వకం భూగర్భం నుంచి పైకి వచ్చింది. బొగ్గుగని కార్మికులకు 1998లో వచ్చిన పెన్షను పథకం దేశంలోని బొగ్గుగనులన్నిటికీ ఒకటే. అందులో ఇచ్చేది నిర్ణయమైంది. కాని చందా కట్టే చేతులు తగ్గుతూ, పెన్షను అందుకునే చేతులు పెరుగుతూ ఉంటే ఆ నిధి ఎట్లా నిలుస్తుంది? అక్కడ జరిగిందేమిటంటే, పెన్షను ధరలతోపాటు పెరగలేదు. గని దిగి ఒళ్లు గుల్ల చేసుకున్నవాడికి రిటైరైననాడు ఎంత కట్టారో అదే అంకె ఏళ్ల తరబడి వస్తుంది. రూపాయల్లో బాస నిలబడింది, బియ్యంలో బాస తప్పింది. దీన్ని గమనించాలి. ఇచ్చేది నిర్ణయించినంత మాత్రాన కార్మికుడి నష్టభయం తీరిపోదు. ధరల నష్టభయాన్ని చడీచప్పుడు కాకుండా అతని మీదికే నెట్టవచ్చు.

యజమాని నిలవడన్న నాలుగో భయానికి అమెరికా చరిత్రలో పేరుపడ్డ ఉదాహరణ ఉన్నది. 1963 డిసెంబరులో సౌత్ బెండ్ అనే ఊళ్లో స్టూడెబేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. పెన్షను నిధిలో సరిపడా డబ్బు లేదు. 60 ఏళ్లు నిండిన అర్హులకు పూర్తిగా ముట్టింది. నలభైకీ అరవైకీ మధ్య ఉన్న సుమారు 4 వేలమందికి, పదేళ్లకు పైగా పనిచేసినవాళ్లకు, రావలసిన దానిలో దాదాపు 15 శాతమే దక్కింది. చిన్నవాళ్లకు ఏమీ లేదు. ఈ అన్యాయం పదేళ్లపాటు చర్చకు వచ్చి, చివరకు 1974లో అక్కడ చట్టం వచ్చింది: బాస చేసిన యజమాని ఏటేటా నిధి పక్కన పెట్టి తీరాలి, యజమాని దివాలా తీస్తే ఆదుకోవడానికి బీమా ఉండాలి అని.

కనుక పెన్షను ఖర్చునూ, నష్టభయాన్నీ సంబాళించుకోవాలన్న మాటలో తప్పు లేదు. సంబాళించుకోకపోవడమే తప్పు. నిధి లేకుండా బాస చెయ్యడం ఉత్త చేతులతో దానం చెయ్యడం వంటిది. కాని 'సంబాళించడం' అన్న మాట కింద రెండు భిన్నమైన పనులు దాగి ఉన్నాయి. ఒకటి నష్టభయాన్ని నిజంగా తగ్గించడం. రెండోది దాన్ని తన నెత్తి మీద నుంచి దించి పక్కవాడి నెత్తిన పెట్టడం. యజమాని పద్దులో రెండూ ఒకే రకంగా కనబడతాయి, రెండింటిలోనూ అతని ఖర్చు తగ్గుతుంది. సంఘం పద్దులో మాత్రం వాటికి నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఇది నా వాదానికి మూలం కనుక కొంచెం వివరిస్తాను.

ఒక మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో దేవుడికి కూడా తెలియదంటారు. కాని లక్షమంది సగటున ఎన్నాళ్లు బతుకుతారో లెక్కల వాడికి తెలుసు. ఒక్కడికి అనిశ్చితమైనది పదిమందిలో కొంత నిశ్చితమవుతుంది, లక్షమందిలో దాదాపు నిశ్చితమవుతుంది. అందుచేత ఉమ్మడి నిధిలో ఒక్కొక్కరికీ సగటు ఆయుర్దాయానికి సరిపడా దాస్తే చాలు. త్వరగా పోయినవాడి మిగులు, ఎక్కువకాలం బతికినవాడి కొరతను తీరుస్తుంది. అదే ఒంటరివాడు తన డబ్బు తానే చూసుకోవాలంటే? తొంభై యేళ్లు బతికితే ఎట్లా అన్న భయంతో తొంభై యేళ్లకు దాచుకోవాలి. లేదా అరవై యెనిమిదికే పోతానన్న ధీమాతో ఖర్చు చేసి, డెబ్భయి అయిదో యేట కొడుకు ముఖం చూడాలి. అంటే, ఉమ్మడిగా ఉన్నప్పుడు సగానికి సగం కరిగిపోయే భయం, విడదీయగానే మొత్తంగా తిరిగి వస్తుంది. మార్కెట్టు ఎగుడుదిగుళ్లదీ ఇదే కథ. సంస్థకు ముప్ఫయి యేళ్ల వ్యవధి ఉన్నది, చెడ్డ యేటిని మంచి యేటితో పూడ్చుకోగలదు. మనిషి రిటైరయ్యేది ఒక్కరోజునే. ఆ రోజు మార్కెట్టు పడి ఉంటే అతని బతుకు పడినట్టే.

కాబట్టి పాత పద్ధతి తీసి కొత్తది పెట్టినప్పుడు నష్టభయం ఒక చోటునుంచి మరో చోటికి మారడమే కాదు, మార్పులో అది పెరిగింది కూడా. దాన్ని అందరికంటె తక్కువగా మొయ్యగలవాడి నెత్తిన, అందరికంటె ఎక్కువ బరువుగా పెట్టారు. దీన్ని పొదుపు అంటే నేను ఒప్పుకోను.

సంస్థలు కూడా తెలివి ఎక్కువై దెబ్బతినవచ్చు. 2022 సెప్టెంబరులో బ్రిటన్‌లో సర్కారు బాండ్ల ధరలు ఒక్కసారిగా పడిపోయినప్పుడు, నష్టభయం తగ్గించుకోవడానికని పెన్షను ఫండులు అప్పుల మీద చేసుకున్న ఏర్పాట్లే వాటి మెడకు చుట్టుకున్నాయి. చివరకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కలగజేసుకుని బాండ్లు కొనవలసి వచ్చింది. అందుచేత నిధి ఉంటే చాలదు, దానిమీద కన్ను కూడా ఉండాలి. ఆ కన్ను ఉద్యోగులదీ కావాలి. ఎవరి ముసలితనం ఆ పద్దులో ఉన్నదో, వాళ్ల ప్రతినిధి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.

ఇప్పుడు రెండో ఆక్షేపణ. ఇది మొదటిదానికంటె పదునైనది.

"సర్కారు ఉద్యోగి పెన్షను ఎవరి డబ్బు? ఫిలింనగర్‌లో లైటు మోసేవాడు కొనే సబ్బు మీద పన్ను. తనకు పెన్షను లేనివాడు, ఉన్నవాడి పెన్షనుకు పన్ను కట్టడం ఏమి న్యాయం? పాత పద్ధతి కావాలనేవాళ్లు తమ సౌకర్యం కోసమే గాని బీదవాడి కోసం మాట్లాడటం లేదు." ఇట్లా అంటారు.

ఈ మాటలో సగం నిజం ఉన్నది. ఆ సగాన్ని ఒప్పుకోకుండా ముందుకు పోలేము. సర్కారు పాత పెన్షనుకు నిధి ఎన్నడూ దాచలేదు. ఆ యేటి పన్నులోంచి ఆ యేటి పెన్షను ఇస్తూ వచ్చింది. ఇవాళ బాస చెయ్యడం, రేపటివాళ్లను తీర్చమనడం. ఇది పుట్టని పిల్లల పేరున నోటు రాయడమే. ఉద్యోగ సంఘాలు పాత పెన్షను తిరిగి రావాలన్నప్పుడు ఈ సంగతి కూడా మాట్లాడి ఉండవలసింది. తమకు పెన్షను కావాలన్నవాళ్లు, పెన్షనే లేని పక్కింటివాణ్ణి తలుచుకోకపోవడం కూడా లోపమే.

అయితే ఆ ఆక్షేపణ చేసేవాళ్లు చివరకు చెప్పేదేమిటి? లైటు మోసేవాడికి పెన్షను ఇవ్వమనా? కాదు. పంతులుకు తీసెయ్యమని. ఒకడికి గొడుగు లేదని రెండోవాడి గొడుగు లాక్కుంటే ఇద్దరూ తడుస్తారు, సమానంగా తడుస్తారు. ఇట్లాంటి సమానత్వం గురించి ఏ బీదవాడూ ప్రార్థించలేదు. పంతులు పెన్షనును తగ్గించినందువల్ల మిగిలిన డబ్బు లైటు మోసేవాడి ముసలితనానికి పోతుందని ఏ బడ్జెట్టులో రాశారు?

లైటు మోసేవాడికి ఇవాళ ఉన్నదేమిటి? తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా వృద్ధాప్య పెన్షను 2019లో నెలకు 2,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి పెన్షను 2024లో 4,000 అయింది. ఇవి లేకపోవడంకంటె ఉండటం మేలు, అనేకమంది ముసలమ్మలకు ఇంట్లో మాట చెల్లుబడి అయ్యేది ఈ డబ్బు వల్లనే. కాని ఇది బీదతనానికి ఇచ్చే సహాయం, చేసిన పనికి ప్రతిఫలం కాదు. ముప్ఫయి యేళ్లు లైటు మోసినవాడూ, ఒక్కరోజూ మొయ్యనివాడూ ఇక్కడ ఒకటే. అతని వాయిదా పడిన జీతం ఎక్కడ? ఎవరూ వాయిదా వెయ్యలేదు, ఇవ్వనూ లేదు.

కంపెనీల్లో పనిచేసేవాళ్లకు 1995 నవంబరు 16 నుంచి ప్రావిడెంటు ఫండుతోపాటు ఒక పెన్షను పథకం ఉన్నది. యజమాని చందాలోంచి జీతంలో 8.33 శాతం దానికి పోతుంది. ఇదీ ఇచ్చేది నిర్ణయించిన పథకమే. కాని జీతానికి పరిమితి గీశారు, 2014లో దాన్ని 15,000 చేశారు. ఆ లెక్కన ముప్ఫయి యేళ్లు చాకిరీ చేసినవాడికి, పథకం అదనంగా కలిపే రెండేళ్లతో సహా, నెలకు సుమారు 6,857 రూపాయలు. అదే 2014లో కనీస పెన్షను 1,000 రూపాయలన్నారు. ధరలతో పెరిగే ఏర్పాటు ఇక్కడా లేదు.

సినిమా పనివాడికి ఒక యజమాని అంటూ లేడని, అందుకే ఏమీ చెయ్యలేమని అనేవాళ్లున్నారు. మన శాసనకర్తలే ఈ వాదానికి 1981లో జవాబు చెప్పారు. ఆ యేడు చేసిన సినీ కార్మికుల చట్టం, ఒకరి దగ్గరైనా పలువురు నిర్మాతల దగ్గరైనా కనీసం మూడు సినిమాల్లో పనిచేసిన కార్మికుడికి ప్రావిడెంటు ఫండు చట్టం వర్తిస్తుందన్నది. అంటే పలువురు నిర్మాతలను కలిపి ఒక్క యజమానిగా చూడవచ్చునన్న సూత్రాన్ని చట్టమే అంగీకరించింది. ఆ సంవత్సరమే సినిమాల మీద పన్ను వేసి సంక్షేమ నిధి కూడా పెట్టారు. సూత్రం కాగితం మీద ఉన్నది. లైటు మోసేవాడి చేతిలో పుస్తకం లేదు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 30 శాతం కూలి పెంచమని షూటింగులు ఆపినప్పుడు పోరాటమంతా ఇవాళ్టి కూలి గురించే జరిగింది. అది సహజం. ఇవాళ్టి అన్నం దొరకనివాడు ఇరవై యేళ్ల తర్వాతి అన్నం గురించి బేరమాడలేడు. కాని బేరమాడలేదు గనుక అతనికి ముసలితనం రాదని కాదు.

మరి ఏమి చెయ్యాలి? ఈ ఇరవై యేళ్ల అనుభవంలో పాఠం లేకపోలేదు. 2022, 2023 సంవత్సరాల్లో రాజస్థాన్, హిమాచల్‌ప్రదేశ్ వంటి రాష్ట్రాలు పాత పద్ధతికి మళ్లాయి, నిధి ప్రశ్న మాత్రం తేల్చలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ హామీ పెన్షను చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టిన ఏకీకృత పథకంలో, పాతికేళ్లు పనిచేసినవాడికి చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం ఇస్తామన్నారు. ఉద్యోగి 10 శాతం కడితే ప్రభుత్వం 18.5 శాతం కడుతుంది, అందులో 8.5 శాతం ఉమ్మడి నిధికి పోతుంది. ఈ పథకం లోపాలు దానికి ఉన్నాయి, ఉద్యోగ సంఘాలకు దానిమీద ఉన్న అసంతృప్తీ కారణం లేనిది కాదు. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. బాసా నిధీ రెండూ ఒకచోట ఉండగలవనీ, ఉమ్మడిగా మోస్తే భయం తగ్గుతుందనీ, మార్కెట్టుకు అప్పగించినవాళ్లే రెండు దశాబ్దాల తర్వాత అంగీకరించారు.

ఈ అంగీకారాన్ని ఫిలింనగర్ దాకా తీసుకురావడమే మిగిలిన పని. ప్రతి సినిమా ఖర్చులోంచి, పనివాడి పనిదినాల లెక్కన చందా వసూలు కావాలి. అది ఇరవై నాలుగు క్రాఫ్టుల పనివాళ్లందరికీ ఒకే ఉమ్మడి నిధి కావాలి, ఒక్కొక్కరి విడి ఖాతా కాదు. ఏటా లెక్కలవాడు దాన్ని పరీక్షించి, కొరత ఉంటే ఎంతో కార్మికులకు తెలిసే భాషలో చెప్పాలి. పెన్షను ధరలతో ఎంతో కొంత పెరగాలి. ఎంతవరకు పెంచగలమో ముందే చెప్పాలి, పెంచలేనిదాన్ని బాస చెయ్యకూడదు. ఒక సినిమాకు నటుడి పారితోషికం, సెట్ల అద్దె ముందుగానే బడ్జెట్టులో రాసుకునే నిర్మాతకు, ఆ సెట్టు మీద లైటు మోసినవాడి ముసలితనం కూడా సినిమా ఖర్చేనని చెప్పాలి. ఆ ఖర్చు ఎవరో భరిస్తూనే ఉన్నారు. ఇప్పుడు దాన్ని భరిస్తున్నది అతని కూతురు, ఆమె మానేసిన చదువు.

పెన్షను ఎంత ఇవ్వగలం అనేది లెక్కల ప్రశ్న. దానికి జవాబు కాలాన్నిబట్టి మారుతుంది, మారాలి కూడా. ఎవరి ముసలితనాన్ని మన ముసలితనంగా లెక్కలోకి తీసుకుంటాం అనేది లెక్కల ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పకుండా వేసిన ఏ లెక్కనైనా, టోలిచౌకి దారిలో లైటు మోసి వస్తున్న ఆ మనిషిని పక్కన నిలబెట్టుకుని మళ్లీ ఒకసారి కూడి చూడవలసిందే.